తల్లుల బదిలీలు

జూన్ రెండో వారంలో సత్యవేణికి, తన కూతురికి తల్లిగా ఉన్న స్థానం నుంచి చింతలగూడెంలో ఇంకొకరి కొడుక్కి తల్లిగా బదిలీ అయింది. ఉత్తర్వు మధ్యాహ్నం ఫోనుకి వచ్చింది. అప్పుడామె బెండకాయలు తరుగుతోంది. చెయ్యి తుడుచుకుని మూడుసార్లు చదివింది. తన పేరు సరిగ్గానే ఉంది. ఊరు పెదగరువు అని సరిగ్గానే ఉంది. పాత స్థానం అన్నచోట "తన్మయి, 14 ఏళ్లు, నిదానముగా నేర్చుకొను బాలిక" అని ఉంది. ఎక్కడా తప్పు లేదు. తప్పు లేకపోయేసరికి ఇక ఎవరితో ఏమని మొత్తుకోవాలో ఆమెకి తోచలేదు.

తన్మయిని బడి మాన్పించి అప్పటికి ఏడాది కాలేదు. పిల్లకి తెలివి లేక కాదు. అక్షరాలు దాని కళ్లముందు నిలకడగా నిలబడవు. అంకెలు వచ్చినట్టే వచ్చి తెల్లారేసరికి పోతాయి. ఒక మనిషి గొంతుకి అలవాటు పడితే మాత్రం ఆ గొంతు చెప్పింది నేర్చుకుంటుంది. ఆ అలవాటు పడడానికి ఎనిమిది నెలలు పడుతుంది. బడిలో అయిదేళ్లలో ఆరుగురు టీచర్లు మారారు. ఆఖరున వచ్చిన విమల టీచరు గడియారం చూడడం నేర్పింది. చిన్నముల్లు వచ్చింది, పెద్దముల్లు సగందాకా వచ్చింది, ఈలోగా విమల టీచరుకి బదిలీ వచ్చింది. ఆవిడతోపాటే గడియారమూ వెళ్లిపోయింది. ఆ తర్వాత తన్మయి గోడవైపు చూడడమే మానేసింది. బదిలీ కాని మనిషి ఒక్కరు దొరికితే చాలు, ఇది నేర్చుకుంటుంది అనుకుంది సత్యవేణి. ఊరంతా తలుచుకుంటే అలాంటి మనిషి ఆమెకి తానొక్కతే కనబడింది.

గృహవిద్యా శాఖవారు దరఖాస్తు తీసుకుని ఇంటికి పదకొండంకెల కోడ్ ఇచ్చారు. ఆ రోజునుంచి ముందుగది తరగతి గది అయింది, వంటిల్లు మధ్యాహ్న భోజన పథకం అయింది, సత్యవేణి "తల్లి (బోధన)" అయింది. ఆమె భర్త వీర్రాజు రైసుమిల్లు నుంచి వచ్చి గుమ్మంలో చెప్పులు విప్పాక సందర్శకుల పుస్తకంలో సంతకం పెట్టి లోపలికి రావలసి వచ్చేది. అతను పెట్టేవాడు. సంతకమే కదా.

మే నెలలో, రాబోయే ఏడాదికి వార్షిక ప్రణాళిక పంపమన్నారు. రెండువందల ఇరవై పనిదినాలు. పాఠం, ఉపకరణం, లక్ష్యం అని మూడు గడులు. నమూనా కూడా ఇచ్చారు. అందులో జూలై నెలకి చరిత్రలో గుప్తుల పాలన ఉంది. అరకిలో టమాటాలు తేవడానికి వెళ్లిన తన్మయికి గుప్తులు ఏ విధంగా సాయపడతారో సత్యవేణికి ఎంత ఆలోచించినా తెలియలేదు. పదకొండు రోజులు కూర్చుని సొంతంగా రాసుకుంది. జూన్, జూలై రెండు నెలలూ గడియారం ఒక్కటే. ఆగస్టు: పావుకిలో, అరకిలో. ఉపకరణం: సూరన్న కొట్లో త్రాసు. సెప్టెంబరు: ఏ బస్సు ఎక్కాలి, బోర్డు చదవలేకపోతే ఎవరిని అడగాలి, ఎవరిని అడగకూడదు. నవంబరు: ముక్కూ మొహం తెలియని వాళ్లు చెయ్యి వేస్తే గట్టిగా అరవడం. దీనికి ఉపకరణం అక్కర్లేదు. ఫిబ్రవరి అంతా మర్చిపోయినవి మళ్లీ చెప్పడానికి వదిలేసింది. లక్ష్యం దగ్గర రెండు రోజులు కలం కదల్లేదు. చివరికి మనసులో ఉన్నదే రాసింది: "నేను లేకపోయినా దాని పని అది చేసుకోవాలి."

శాఖవారు ఆ వాక్యాన్ని సమ్మతి కింద తీసుకున్నారు.

ఆ సంగతి ఆఫీసుకి వెళ్లాక తెలిసింది. గుమాస్తా భాస్కరరామం మర్యాదస్తుడు. మొగుడూ పెళ్లాలిద్దరికీ కుర్చీలు వేయించి ఫైలు తెరిచాడు.

"అది నా కూతురండీ," అంది సత్యవేణి.

"ఎవరు కాదన్నారండీ? పాత స్థానం అన్నచోట రాశాం కదా."

"తల్లిని ఎలా మారుస్తారండి బాబూ?"

"తల్లిని ఎవరు మారుస్తారమ్మా, పాపం! బోధనని మారుస్తాం. మీరు రెండూ ఒకే దరఖాస్తులో పెట్టారు."

"మరి తొమ్మిది నెలలు మోశాను. పద్నాలుగేళ్లు పెంచాను. అదంతా ఏమైనట్టు?"

"అది సర్వీసులోకి రాదండి. కోడ్ ఇచ్చిన తేదీనుంచే లెక్క. ఆ ప్రకారం జిల్లాలో ఆఖర్నించి నాలుగో తల్లి మీరు." అతను ప్రణాళిక బయటికి తీసి, ఎర్రగీత కొట్టిన చోట వేలు పెట్టాడు. "అయినా మీరే రాశారు కదండీ, నేను లేకపోయినా అని. ఇంత స్పష్టంగా రాసినవాళ్లని నా సర్వీసులో చూళ్లేదు. మిగతా తల్లులంతా గుప్తులు రాశారు."

"అది నేను పోయాక సంగతండీ. నా తదనంతరం దానికెవరున్నారని..."

"పోయాక అని లేదండి ఇక్కడ. తేదీ వెయ్యలేదు. తేదీ వెయ్యకపోతే తక్షణమే అని అర్థం."

ఆయన మాట ఎక్కడో తప్పని సత్యవేణికి తెలుసు. ఎక్కడో మాత్రం దొరకలేదు. వీర్రాజు అంతసేపూ టోపీలా మడిచిన తువ్వాలు విప్పి మళ్లీ మడిచాడు.

"మరి నా సంగతేటండీ? నన్నూ ఎక్కడికైనా ఏసేత్తారా?"

"ఆయ్, భయపడకండి. భర్తలకి బదిలీలు లేవు. వాళ్లు భవనం కిందికొస్తారు."

దారిలో వీర్రాజు, "పోన్లేవే, నన్నుంచారు. పిల్లని నేను సూసుకుంటాను," అన్నాడు.

"నువ్వు భవనానివి. నిన్నూ ఎవరో ఒకరు చూసుకోవాలి," అంది సత్యవేణి. నవ్వు రాలేదు ఇద్దరికీ.

గురువారం నాడు కొత్త తల్లి వచ్చి దిగింది. పేరు గ్రేస్ కుమారి. ఒక చిన్న ట్రంకుపెట్టె, ఒక స్టీలు క్యారియరు. ఛార్జి అప్పగించడానికి శాఖవారి జాబితా ఒకటుంది. సత్యవేణి దాన్ని నింపింది. కుమార్తె, ఒకటి. ఎడమవైపు నుంచి పిలిస్తే పలకదు, కుడివైపు నుంచి పిలవాలి. "తప్పు" అన్న మాట వింటే ఆ రోజుకి ఇక పుస్తకం ముట్టదు, "ఇంకోసారి" అనాలి. ఉప్పుకీ పంచదారకీ తేడా చూపులో తెలీదు, వాసన చూసుకోమనాలి. నిద్ర రాకపోతే పవిట చెంగు చేతిలో పెడితే సరి. గ్రేస్ కుమారి అన్నీ చదివి, "ఉన్నది ఉన్నట్టుగా స్వీకరించడమైనది" అని కింద సంతకం పెట్టింది.

"మీకెంతమందండీ?" అని అడిగింది సత్యవేణి.

"ఒక్కడేనండి. పన్నెండేళ్లు. మాటలు సరిగా రావు."

"వాడి దగ్గరికి ఎవరొచ్చారు?"

"ఇంకా ఎవర్నీ ఎయ్యలేదండి. ఖాళీ సూపిత్తన్నారు. పక్కూరి తల్లికి అదనపు బాధ్యత ఇచ్చారంట, మంగళవారం, శుక్రవారం వచ్చెళ్తదంట." ఆమె క్యారియరు మూత బిగించింది. "మిగతా రోజులు ఎట్టాగో తెలీట్లేదండి."

తన్మయి ఇద్దరినీ మార్చిమార్చి చూసింది. "ఈవిడ ఎవరే?" అంది. ఏమని చెప్పాలో ఉత్తర్వులో లేదు. సత్యవేణి సంచీ తీసుకుని బస్సెక్కింది.

చింతలగూడెంలో పిల్లవాడి పేరు సుజిత్. పదిహేనేళ్లు. వాళ్ల నాన్న భవనంలాగే అరుగుమీద కదలకుండా కూర్చుని ఉన్నాడు. సుజిత్ ఆమెని నేరుగా వంటింట్లోకి తీసుకెళ్లి, "ఉప్పు డబ్బా ఇదండి. అగ్గిపెట్టె కిటికీలో ఉంటదండి," అని చూపించాడు. వచ్చిన తల్లికల్లా అలాగే చూపిస్తాడట. ఈమె నాలుగో తల్లి. నెలల తరబడి వాడు ఆమె మొహంకేసి చూడలేదు. తన ముందు వాళ్లు నేర్పినవి ఏమైపోయాయో ఆమె ఇల్లంతా వెతికింది. ఒక పలకమీద సగం రాసిన పేరు దొరికింది. మిగతా సగం నేర్పడం మొదలుపెట్టింది. ఇంటి దగ్గర తన పిల్లకి ఆ సమయానికి ఎవరు ఏం నేర్పుతున్నారో అనుకునేది. అనుకుంటూ వాడి వేలు పట్టి దిద్దించేది. ఎవరి వేలు పట్టుకుందో ఒక్కోసారి ఆమెకే తికమకగా ఉండేది.

సెలవు మార్చిలో గాని దొరకలేదు. రెండో శనివారం, అనుమతి మీద, సందర్శకురాలిగా. గుమ్మంలో చెప్పులు విప్పి పుస్తకంలో సంతకం పెట్టింది. తన సంతకం పైన వీర్రాజు సంతకాలు పేజీలకి పేజీలున్నాయి.

తన్మయి వచ్చి ఆమె పవిట చెంగు పట్టుకుని వాసన చూసింది. ఇక వదల్లేదు. సత్యవేణి కళ్లు తుడుచుకుని, టీ పెడదామని వంటింట్లోకి వెళ్లింది. వెనకే తన్మయి చెంగు పట్టుకునే వచ్చి అలమర తలుపు తీసింది.

"ఉప్పు డబ్బా ఇదండి. పక్కది పంచదార. వాసన చూసి వేసుకోండి."

"నాకు తెలుసమ్మా. నేనే కదా సర్దింది."

"ఇంకోసారి చెప్పనాండి?" అంది తన్మయి నెమ్మదిగా, ఓపిగ్గా.

గ్రేస్ కుమారి వంటింటి గుమ్మంలో నిలబడింది. చేతిలో ఫోను. "గడియారం వచ్చేసిందండి మీ అమ్మాయికి. ఎనిమిది నెలలు పట్టింది అలవాటవడానికి, తర్వాత టకటకా పట్టేసింది. పరీక్షాధికారి కూడా మెచ్చుకున్నారండి." ఫోను చూపించింది. "ఫలితం బాగుందని నాకు పొద్దున్నే ఉత్తర్వొచ్చిందండి. జూన్ నుంచి వేరే చోట."

"మీ అబ్బాయి దగ్గరికేనా?"

"కాదండి. అక్కడ ఖాళీ అలాగే ఉంచుతారంట."

తన్మయి గోడవైపు చూసింది. పెదవులు కదిలాయి. చిన్నముల్లు, పెద్దముల్లు. "నాలుగుంపావు. మీ బస్సు నాలుగున్నరకి. ఇప్పుడు బయల్దేరితే దొరుకుద్ది," అంది. ఒక్క తప్పూ లేదు. టీ పెట్టకుండానే సత్యవేణి సంచీ అందుకుంది. తన్మయి చెంగు వదిలి, పుస్తకం తెచ్చి, బయటికి వెళ్లిన సమయం రాయాల్సిన చోటు వేలుపెట్టి చూపించింది.

బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. సంచీలో సుజిత్ వచ్చే ఏడాది ప్రణాళిక ఉంది, ఈసారి ముందుగానే సోమవారానికి పంపమన్నారు. వాడికిప్పుడు పేరు పూర్తిగా వస్తోంది. ఈమధ్యనే మొహంకేసి చూడడం మొదలెట్టాడు. నేర్పవలసినవన్నీ ఆమెకి వరసగా కళ్లముందు కనబడుతున్నాయి. కాగితం ఒళ్లో పెట్టుకుని కలం మూత తీసింది. బస్సు గతుకుల్లో ఊగుతుంటే, కాగితాన్ని అదిమిపట్టి, జూలై నెల ఎదురుగా గుండ్రటి అక్షరాలతో "గుప్తులు" అని రాసింది.