మంత్రిగారి కారు ఆగినచోట

"స్వాతంత్ర్యం రాకముందు తయారైన కారులో, స్వాతంత్ర్యం వచ్చాక పుట్టిన ప్రజల దగ్గరికి వెళ్తాను!"

పురావస్తు శాఖ మంత్రి రాజేశ్వర్ రావు గారు హన్మకొండ గెస్ట్‌హౌస్ మెట్ల మీద నిలబడి ఈ ప్రకటన చేయగానే విలేకరులందరం చప్పట్లు కొట్టాం. అది ఎనభై ఒకటి ఎండాకాలం. చప్పట్లు కొడితే కాస్త గాలైనా తగిలేది.

"పాత గుళ్లు, పాత కోటలు కాపాడాల్సిన మంత్రి కొత్త అంబాసిడర్‌లో తిరిగితే ఏం మర్యాద? పైగా దేశంలో పెట్రోలు కొరత. అందుకని ఇవ్వాళ్టి నుంచి ప్రభుత్వ కారు ఎక్కను. నా సొంత పాత కారులోనే నియోజకవర్గమంతా తిరుగుతాను" అన్నారు మంత్రిగారు.

ఇంతటి త్యాగాన్ని కళ్లారా చూసిన నేనెవరినో కూడా చెప్పాలి. నా పేరు యాదగిరి. పొద్దంతా మంత్రిగారి బంగళా ఎదురుగా సైకిల్ టాక్సీ నడుపుతాను, అంటే గంటకింత అని సైకిళ్లు అద్దెకిస్తాను. సాయంత్రం ఒక దినపత్రికకు వార్తలు పంపుతాను. రెండింటిలోనూ గాలి కొట్టడమే పని కాబట్టి నాకు పెద్ద ఇబ్బంది లేదు.

ఇక కారు. నల్లగా, పొడుగ్గా, తలుపు కింద నిలబడే మెట్టుతో, రబ్బరు బుడ్డి నొక్కితే మోగే హారనుతో ఉండేది. హైదరాబాదులో ఎవరో నవాబుగారి వారసుల దగ్గర కొన్నారు. వాళ్ల కోళ్లు అందులోనే పడుకునేవట. మంత్రిగారు కోళ్లను దింపి కారును చరిత్రలోకి ఎక్కించారు. ఆదివారం వస్తే ఎవరికీ దర్శనమివ్వకుండా, చేతులకు తొడుగులు వేసుకుని, మెత్తటి మల్లుగుడ్డతో దాన్ని తుడిచేవారు. ఫైళ్ల మీద ఎంత దుమ్ము పేరుకున్నా ఓర్చుకున్నారు గానీ, మడ్‌గార్డు మీద ఒక్క వేలిముద్ర పడితే ఓర్చుకోలేదు మహానుభావుడు.

అన్న మాట ప్రకారం ప్రభుత్వ అంబాసిడర్ ఎక్కలేదు. అది వెనకాల ఖాళీగా వచ్చేది. ఖాళీగా అంటే మంత్రిగారు లేరని. పెట్రోలు డబ్బాలు, జాకీ, తాళ్లు, స్టెప్నీలు, ఇద్దరు మెకానిక్కులు అందులో ఉండేవారు. దాని వెనక నీళ్ల డ్రమ్ములతో ఒక జీపు. ఎందుకంటే ఆ కారు రేడియేటరుకు దూప ఎక్కువ, ఎన్ని నీళ్లు పోసినా దాహం తీరదు. కింద ఎక్కడో చిల్లు ఉంది, ఎక్కడో ఎవరికీ దొరకలేదు. పెట్రోలు పొదుపు ఉద్యమం ఈ విధంగా మూడు బండ్లతో సాగింది.

తోస్తే తప్ప ఆ కారు స్టార్ట్ కాదు. ఇదొక లోపమని తెలియనివాళ్లు అనుకుంటారు. మా జిల్లాలో పార్టీ అంత బలపడింది ఆ తోపుడు వల్లనే. డిక్కీ మీద చేతులేసి తోసేవాడు మామూలు కార్యకర్త. మంత్రిగారి కిటికీ పట్టుకుని తోసేవాడు నాయకుడు, ఎందుకంటే తోస్తూ తోస్తూ ఆయన చెవిలో తన పని చెప్పుకోవచ్చు. బట్టల వ్యాపారి మల్లికార్జున్ తెల్లారకముందే వచ్చి, బస్సులో సీటుకు వేసినట్టు ఆ కిటికీకి దస్తీ వేసిపోయేవాడు.

అంత తోసినా కారు ఎక్కడో ఒకచోట ఆగేది. రఘునాథపల్లికి పశువుల దవాఖాన శంకుస్థాపనకు బయల్దేరిన రోజు, సగం దారిలో ఒక కల్లు దుకాణం ముందు నిలబడిపోయింది. ముహూర్తం దగ్గరపడింది. అందరూ గడియారాలు చూసుకుంటున్నారు.

"సార్, అంబాసిడర్ ఎక్కితే ఇంకా అందుకోవచ్చు" అన్నాడు ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు.

"మాట తప్పమంటవా? రాయి తియ్యి. ముహూర్తం పోతె మళ్ల రాదు. ఊరెటు పోతది?" అన్నారు మంత్రిగారు. రాయి అక్కడే వేశారు. పశువులకు కాళ్లున్నాయి కదా, నడిచి వస్తాయని ఉపన్యాసంలో వివరించారు.

అప్పటినుంచి పునాదిరాళ్లు డిక్కీలోనే ఉండేవి. కారు ఎక్కడ ఆగితే రాయి అక్కడ. ఆడపిల్లల హాస్టల్ రాయి పోలీస్ స్టేషన్ ముందు పడింది. కాన్పుల దవాఖాన రాయి శ్మశానం గేటు దగ్గర పడింది. ఇంజనీరు "సైట్ మార్పు" అని రాసి సంతకం పెట్టేవాడు. కొన్ని వాడలవాళ్లు తమ వీధిలో కారు ఆగాలని రోడ్డు మీద మేకులు చల్లడం కూడా మొదలుపెట్టారు. అభివృద్ధి మీద జనానికి అంత మోజు నేను మళ్లీ చూడలేదు.

మొండయ్యకు మాత్రం ఈ పద్ధతి నచ్చలేదు. ఆయనది ధర్మసాగర్ అవతల, గుట్ట మీద చిన్న పల్లె. పార్టీ జెండా మోసీ మోసీ భుజం ఒరిగిపోయిన మనిషి. వరంగల్‌కు నీళ్లు పోయే పైపు ఆ గుట్ట కిందినుంచే పోతుంది. పిల్లలు దానికి చెవి ఆనించి నీళ్ల చప్పుడు వింటారు. తాగాలంటే మాత్రం ఆడవాళ్లు చెరువు దాకా దిగి, బిందెలు నెత్తిన పెట్టుకుని మళ్లీ గుట్ట ఎక్కాలి. పోయిన ఎండాకాలం మొండయ్య భార్య చిలుకమ్మ బిందెతో సహా జారిపడి కాలు విరగ్గొట్టుకుంది. అది సరిగ్గా అతకలేదు. కర్ర పట్టుకునే నడుస్తుంది, కర్ర పట్టుకునే నీళ్లు తెస్తుంది.

ఎన్నో అర్జీల తర్వాత ఆ ఊరికి మంచినీళ్ల ట్యాంకు సాంక్షన్ అయింది. రాయి చెక్కించారు. ఇక కారు ఆ ఊళ్లో ఆగడమే తరువాయి. బయల్దేరిన రోజు అది హన్మకొండ దాటకుండానే సినిమా టాకీసు ముందు ఆగింది. మంత్రిగారిని తీసుకుపోదామని చిలుకమ్మతో సహా వచ్చిన మొండయ్య పరుగున పోయి డిక్కీ మీద బోర్లా పడుకున్నాడు.

"దొరా, ఈడొద్దు! నీ కాల్మొక్త. టాకీసు కాడ ట్యాంకెందుకు దొరా?"

"సినిమా చూసెటోళ్లకు దూప కాదా?"

"ఆళ్లకు సోడాలున్నయ్ దొరా! మా ఇంటిదాని కాలు జూడుండ్రి ఒక్కసారి."

మంత్రిగారు చిలుకమ్మ కాలు చూశారు. ఆ కాలు మడ్‌గార్డుకు తగులుతుందేమోనని కాస్త కంగారుపడ్డారు కూడా.

"సరే, బేస్తవారం వస్త. కానీ మొండయ్యా, బండి ఏడ ఆగితె రాయి ఆడనే. నా సిద్ధాంతం మార్చుకోను."

ఆ సాయంత్రం మొండయ్య నా దుకాణానికి వచ్చాడు.

"యాదగిరన్నా, ఆగితెనే గద రాయి పడేది. అసలు ఆగనియ్యకపోతె?"

"ఆ ఇంజను ఎవరి మాటా వినదు మొండయ్యా."

"ఇంజనుతోని మనకేం పనే? జర నీ సైకిళ్లన్ని ఇయ్యి."

బేస్తవారం పొద్దున చూద్దును కదా, రోడ్డు పొడుగునా మొండయ్య మనుషులే! ఇద్దరేసి, ముగ్గురేసి నా సైకిళ్ల మీద వచ్చి, చెట్టు చెట్టుకూ కాపు కాశారు. కారు స్టార్టయింది. అయినా తోయడం మానలేదు. ఇంజను నడుస్తుండగా తోశారు, ఆగిపోయాక కూడా తోశారు. అలసినవాళ్లు పక్కకు జరిగితే కొత్తవాళ్లు చేతులేశారు. మల్లికార్జున్ దస్తీ కిటికీకే వేలాడింది. మల్లికార్జున్ మాత్రం ఊరి చివర నాలా దగ్గర మిగిలిపోయాడు.

"రాయమల్లూ, ఇయ్యాల బండి మస్తు పోతాంది. చప్పుడే లేదు" అన్నారు మంత్రిగారు డ్రైవరుతో.

"చప్పుడెట్లుంటది దొరా, ఇంజను బందయ్యి గంటాయె" అన్నాడు రాయమల్లు.

మంత్రిగారు హారను మోగించి సంతోషించారు.

మధ్యలో ఒక ఊరివాళ్లు ట్యాంకు తమకే కావాలని ఎదురొచ్చి, ముందునుంచి వెనక్కి తోయసాగారు. కారు అంగుళం కదలదు. ముందు వంద చేతులు, వెనక వంద చేతులు, మధ్యలో ఒక మంత్రి. "ఆగింది! ఆగింది! రాయి తియ్యి!" అని వాళ్లు. "ఆగలే! తోస్తానం!" అని వీళ్లు. మంత్రిగారు ఇంజనీరు వైపు చూశారు. ఇంజనీరు బాగా ఆలోచించి, "తోస్తున్నంతసేపు ఆగినట్టు కాదు సార్" అని రూలింగ్ ఇచ్చాడు. ఈలోగా పొలాల మీంచి మొండయ్య వైపు ఆడవాళ్లు కొంగులు బిగించి దిగారు. అంతే! కారు ఎదుటివాళ్లను నెట్టుకుంటూ ముందుకు దూకింది.

గుట్ట ఎక్కడం చూసి తీరాల్సిందే. మొగవాళ్లు తాళ్లు కట్టి లాగారు, ఆడవాళ్లు వెనక నెట్టారు, కారు జారకుండా చిలుకమ్మ కుంటుకుంటూ చక్రాల కింద రాళ్లు పెట్టింది. జీపు డ్రమ్ముల్లో నీళ్లన్నీ తోసేవాళ్లే తాగేశారు, మొండయ్య దాకా రాలేదు. కారు పల్లెలోకి అడుగుపెట్టగానే డప్పులు మోగాయి. మొండయ్య ఎగిరి గంతేసి నన్ను వాటేసుకున్నాడు. "వచ్చిందే అన్నా! బండొచ్చిందే!" అని ఏడ్చాడు. ఎందుకు దాచాలి, నేనూ ఏడ్చాను.

మంత్రిగారు దిగారు. కారు చుట్టూ తిరిగారు. ముఖం మాడిపోయింది.

"ఇంత దుమ్మా? గిట్లనే ఫొటో దిగాల్నా? ముందు కడుగుండ్రి. రేడియేటరు నింపుండ్రి. తర్వాతనే శంకుస్థాపన."

ఇంటికొచ్చిన మనిషి నీళ్లడిగితే లేవనడం ఆ పల్లెలో లేదు. మొండయ్య చిలుకమ్మ వైపు చూశాడు. చిలుకమ్మ ఇంట్లోకి పోయి, పొద్దున తెచ్చిన బిందె ఎత్తుకొచ్చింది. ఆమెను చూసి ప్రతి గడపా కదిలింది. బిందెలొచ్చాయి, కుండలొచ్చాయి, పసిపిల్ల కోసం దాచిన చెంబు కూడా వచ్చింది. రాయమల్లు పోశాడు. పైన పోసింది కింద కారింది. మళ్లీ పోశాడు. చివరికి రేడియేటరు నిండి పొంగింది. మిగిలినవాటితో మడ్‌గార్డులు, తలుపులు, చక్రాలు కడిగారు. మంత్రిగారు తామే స్వయంగా మల్లుగుడ్డ తడిపి దీపాలు తుడిచారు. కారు తళతళలాడింది. దాని కిందినుంచి చిన్న కాలువ పారి ఊరి నడివీధిలోకి పోయింది. కోళ్లు పరుగెత్తుకొచ్చి తాగాయి.

మంత్రిగారు వేదిక ఎక్కారు. కాలువను చూశారు. కోళ్లను చూశారు. మైకు పట్టుకున్నారు.

"నాకు తప్పుడు రిపోర్టు ఇచ్చిన్రు! ఈ ఊళ్లె నీళ్లు లెవ్వని ఎవరన్నరు? అడిగిన అయిదు నిమిషాలల్ల నా బండి నింపిన్రు. కడిగిన్రు. హన్మకొండల నా బంగళల సుత ఇన్ని నీళ్లు రావు. ఇసొంటి ఊరికి ట్యాంకు పెట్టుడంటే ప్రజాధనం ఖరాబు చేసుడే!"

ఇంజనీరు "నీటి కొరత లేదు" అని రాసుకున్నాడు.

మొండయ్య వేదిక దగ్గరికి వచ్చాడు. నోరు తెరిచాడు. పొద్దుటినుంచి చుక్క నీళ్లు తాగని గొంతు, మాట బయటికి రాలేదు. ఎవరో "అయ్యో, జర నీళ్లియ్యుండ్రి" అన్నారు. ఒకామె బిందె వంచింది, ఇంకొకామె కుండ వంచింది. ఏమీ రాలేదు.

రాయి మళ్లీ డిక్కీలోకి ఎక్కింది. దిగేటప్పుడు తోసే పని లేదు, కారు దానంతటదే జారిపోయింది.

ఆ సాయంత్రమే వార్త పంపాను. "మంత్రి రాకతో గుట్ట పల్లెలో తీరిన నీటి సమస్య" అని మర్నాడు మొదటి పేజీలో వేశారు, ఫొటోతో సహా. అందులో మంత్రిగారు కడిగిన మడ్‌గార్డు మీద చెయ్యేసి నవ్వుతున్నారు. వెనకాల చిన్నగా, ఖాళీ బిందె చంకన పెట్టుకుని, కర్ర పట్టుకుని గుట్ట దిగుతున్న ఆవిడ చిలుకమ్మ. కారు చాలా బాగా వచ్చింది.