మంగళవారం ప్రార్థన

ఆ ఉదయం హెడ్మాస్టరుగారు పెట్టుకున్న పని ఒక్కటే: బదిలీ దరఖాస్తు మీద స్కూలు ముద్ర కొట్టి విద్యాధికారికి పంపడం. అది తొమ్మిదో దరఖాస్తు, ముందు ఎనిమిదింటికీ జవాబే రాలేదు. భార్య ఉద్యోగం రేవు ఊళ్ళో, కూతురు ఆవిడ దగ్గర. నాలుగేళ్ళుగా ఆయన సంసారమంతా ఫోనులోనే. పిల్లకు ముందుపన్ను ఊడితే అదీ ఫోనులోనే చూశాడు. చూసి, చాలాసేపు ఏ పనీ చెయ్యలేకపోయాడు.

ముద్ర కొడుతుంటే డ్రిల్లు మాస్టరు వచ్చాడు. "సార్, మైకు పని చెయ్యట్లేదు."

"అయితే పిల్లల్ని నిమిషం మౌనంగా నిలబెట్టి క్లాసులకి పంపెయ్యండి."

అది మంగళవారమని ఆయనకు తట్టలేదు. ఆ సర్కారు బడిలో ప్రార్థనకు టైంటేబులుంది. సోమవారం ఒక మతం పాట, మంగళవారం ఇంకో మతం పాట, బుధవారం మూడోది. గురువారం ఏ దేవుడూ వద్దనేవాళ్ళ కోసం ఎక్కాలు. శుక్ర, శనివారాలు ఎవరికీ చెందకుండా మౌనం. పార్టీలన్నీ ఆరు నెలలు కొట్టుకుని కుదుర్చుకున్న ఒప్పందం. పిల్లలకు మాత్రం ఏ పేచీ లేదు, ఎక్కాలతో సహా అన్నీ ఒకే రాగంలో పాడేసేవారు.

పదకొండింటికల్లా మంగళవారం వర్గం నాయకుడు ఊడిపడ్డాడు. "సరిగ్గా మా రోజే మైకు పాడవుతుందా? మా చెవిలో పువ్వులేమైనా కనిపిస్తున్నాయా?"

"శాంతించండి, రేపు మీ పాటే పాడిస్తాను," అన్నాడు హెడ్మాస్టరు. అన్నాక నాలిక కరుచుకున్నాడు.

గంటలో బుధవారం నాయకుడొచ్చాడు. "మా రోజు వాళ్ళకి ధారపొయ్యడానికి మీరెవరండీ?" ఆయన్ని గురువారానికి సర్దేసరికి హేతువాద సంఘం కార్యదర్శి చొక్కా చేతులు మడుచుకుంటూ దిగాడు. "ఎక్కాలు పీకేసి దేవుణ్ణి తెస్తారా?" ఏ నష్టమూ లేని సోమవారం నాయకుడూ ఊరుకోలేదు. "మా ఒక్క రోజే ఎందుకు కదపలేదు? మా మీద పక్షపాతం చూపారని అందరూ ఆడిపోసుకుంటున్నారు. ఎలక్షన్లలో మేం తలెత్తుకోవాలా వద్దా?"

చివరికి నలుగురూ కలిసి బల్ల గుద్దారు. "వారంలో మిమ్మల్ని బదిలీ చేయించకపోతే చూడండి!"

హెడ్మాస్టరు గుండె ఒక్కసారి గంతేసింది. మొహం మాత్రం వేలాడేశాడు. "ఎక్కడికైనా పంపండి గానీ, మీకు పుణ్యముంటుంది, ఆ రేవు ఊరికి మాత్రం వద్దు. అక్కడి గాలి నాకు పడదు."

"అయితే అక్కడికే!" అన్నారు నలుగురూ.

ఇక ఆయన్ని పట్టడం ఎవరి తరమూ కాలేదు. మైకు బాగుపడినా పెట్టనివ్వలేదు. పాటా లేదు, ఎక్కమూ లేదు, రోజూ మౌనమే. అడగవచ్చిన ప్రతివాడికీ "మీకోసం మార్చనంటే మార్చను" అని మొహం మీదే చెప్పాడు. జన్మలో ఒకరితో గట్టిగా మాట్లాడి ఎరగని మనిషి! నాలుగో రోజుకు నలుగురి సంతకాలతో ఒకే అర్జీ విద్యాధికారికి చేరింది. అక్కణ్ణించి పిలుపు అందగానే హెడ్మాస్టరు ఇంటికెళ్ళి పెట్టె సర్దుకుని, కూతురికి ఫోను చేసి మరీ బయల్దేరాడు.

విద్యాధికారి లేచి నిలబడి చెయ్యి కలిపాడు. "ఇరవయ్యేళ్ళ సర్వీసులో ఈ నలుగురూ ఒకే కాగితం మీద సంతకం పెట్టగా చూడటం ఇదే మొదలండీ. ఒక్కరే ఫిర్యాదు చేసుంటే నిన్ననే పంపేసేవాణ్ణి. నలుగురూ చేశారంటే మీరు ఎవరికీ లొంగలేదన్నమాట! అందుకే అయిదేళ్ళ దాకా మిమ్మల్ని ఎవరూ కదపకూడదని పైనుంచి ఆర్డరు తెప్పించాను. ఇదిగో ప్రశంసాపత్రం."

"సార్, మరి నా దరఖాస్తు..."

"చూశాను. పాపం, వీళ్ళ బెదిరింపులకి జడిసి పెట్టుకున్నారు. చించేశాను, మీరింక నిశ్చింతగా ఉండండి."

మెట్ల మీద కూలబడి హెడ్మాస్టరు భార్యకు ఫోను చేశాడు. ఆవిడ అంతా వింది.

"ఆ పత్రానికి ఫ్రేము కట్టించుకోండి," అంది. "ఇంట్లో ఇంకో మనిషి ఉన్నట్టుంటుంది."