నిమ్మరసం తాగని భూదేవి

ఆ రోజు పొద్దున భూదేవి అనుకున్నది చాలా చిన్న పని. కూతురు అఖిలను, నెల కూడా నిండని మనవరాలిని ఆటో ఎక్కించుకుని, కోరుట్ల దాటి జగిత్యాల రోడ్డు మీదున్న అంగన్‌వాడీల పెద్దాఫీసుకు వెళ్లాలి. మేడంకు దరఖాస్తు ఇచ్చి సంతకం పెట్టించుకోవాలి. మధ్యాహ్నానికల్లా తిరిగొచ్చి పసుపు చేలో కలుపుకు పోవాలి.

"ఆఫీసులన్ని బందున్నయే! తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడ్వవట్టె," అన్నాడు భర్త సామేలు, మంచం మీద నుంచి లేవకుండానే.

"సమ్మె ఆఫీసులకు. నా బిడ్డ కడుపుకు గాదు," అని భూదేవి సద్ది డబ్బా సంచిలో పడేసుకుంది.

అఖిల అత్తగారిల్లు సిరిసిల్ల. భర్త అక్కడ సాంచాల మీద బట్ట నేస్తాడు. కడుపుతో ఉన్నప్పుడు అక్కడి అంగన్‌వాడీలో పేరు రాయించుకుంది. ఏడో నెలలో తొలికాన్పుకని తల్లిగారింటికి వచ్చింది. మనిషైతే వచ్చింది గానీ పేరు అక్కడే ఉండిపోయింది. ఇక్కడి టీచరు, "పేరు సిరిసిల్లల ఉన్నది, గుడ్లు, పప్పు, బియ్యం గక్కడ్నే తెచ్చుకోండ్రి," అంది. అల్లుడు అక్కడికి పోయి అడిగితే, "మనిషే లేదు, ఎవలికియ్యాలె?" అన్నారు. తొలికాన్పు తల్లిగారింట్లో అవుతుందని ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు. తల్లీబిడ్డలకు తిండి పెట్టడానికే పుట్టిన ఆఫీసుకు మాత్రం ఆ సంగతి తెలియదు. తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

సమ్మె మొదలైన వారానికి అఖిలకు ఆడపిల్ల పుట్టింది. గంజి, కారం తిన్న తల్లికి పాలు చాలక, పిల్ల రాత్రంతా ఏడుస్తోంది. చివరికి టీచరే ఒక దారి చెప్పింది. పెద్దాఫీసు మేడం సంతకం పెడితే ఇక్కడే పేరు రాస్తుందట. బాలింతను కూడా వెంట తీసుకెళ్లి చూపించాలట. పచ్చి బాలింతను ఎండలో ఊరూరా తిప్పితే తప్ప ఆమె బాలింతని వీళ్లకు నమ్మకం కుదరదు మరి.

ఆఫీసు గేటుకు తాళం వేసి ఉంది. గేటు ముందు టెంటు వేసి ఉంది. టెంటు కింద జంపఖానా మీద ఆడవాళ్లు వరసగా కూర్చుని ఉన్నారు. రేషన్ షాపు దగ్గరైనా, సర్కారు దవాఖానలోనైనా జనం వరసగా కనపడితే ఏం చేయాలో భూదేవికి ఒకరు చెప్పనక్కర్లేదు.

"ఆఖరుకు ఎవలున్నరు?" అని అడిగింది.

"నేనే అక్కా, రా, కూసో," అని చివరామె జరిగి చోటిచ్చింది.

భూదేవి దరఖాస్తు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. అఖిల పిల్లనెత్తుకుని వెనకాల కూర్చుంది. అంతలో బడిపంతులు దశరథం చేతిలో దండలతో వచ్చాడు. ఆ టెంటుకు ఆయనే నాయకుడు. ఆ రోజు రిలే దీక్షలో ఆడవాళ్ల వంతు. వస్తామన్న వాళ్లలో సగం మంది రాలేదు. పిలవకుండా వచ్చి కూర్చున్న మనిషిని చూసేసరికి ఆయన ప్రాణం లేచొచ్చింది. పేరడిగి, మెడలో బంతిపూల దండ వేసి, "జై తెలంగాణ!" అన్నాడు. అందరూ అన్నారు కాబట్టి భూదేవి కూడా అంది. ఆఫీసులో ఇంత మర్యాద ఎన్నడూ చూడలేదని లోపల కొంచెం అనుమానపడింది కూడా.

ఎండ నెత్తి మీదికి వచ్చింది. గేటు తెరుచుకోలేదు. వరస ఒక్క అడుగు కూడా జరగలేదు. భూదేవి సద్ది డబ్బా మూత తీసిందో లేదో దశరథం ఉరికొచ్చాడు.

"అక్కా, ఏం జేస్తున్నవ్? నిరాహార దీక్షల అన్నం తింటవా? టీవీ ఆయన అస్తున్నడు!"

"ఏం దీక్ష? ఇది మేడం కోసం లైను గాదా?"

దశరథం విషయం చెప్పాడు. భూదేవి మొహం ఎర్రబడింది. మెడలో దండను ఒక్క గుంజు గుంజింది. "తిండి కోసం దరకాస్తు వెట్ట వస్తే తిండి బందు వెట్టిస్తరా? సిగ్గనిపియ్యదా సారూ?"

"కోపం జెయ్యకక్కా. తెలంగాణ అందరికి గావాలె. నువ్వు చెప్పే మేడం గూడ సమ్మెలనే ఉన్నది. పొద్దూకినంక నిమ్మరసం ఇయ్యనీకి ఆమెనే అస్తది."

మేడం కాళ్లతో నడుచుకుంటూ తన ముందుకే వస్తుందట. భూదేవి దండ సవరించుకుని మళ్లీ కూర్చుంది. అఖిల మాత్రం కెమెరాకు కనపడకుండా టెంటు గుడ్డ వెనక్కి పోయి, గోడ వైపు తిరిగి గబగబా నాలుగు ముద్దలు తింది. పాలిచ్చే తల్లి దొంగలా తినాల్సి వచ్చినందుకు భూదేవికి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ నీళ్లనే టీవీ ఆయన దగ్గరగా తీసుకున్నాడు.

"అమ్మా, దీక్ష ఎందుకు చేస్తున్నవ్?"

"గుడ్ల కోసం."

"ప్రత్యేక రాష్ట్రం కోసం అను," అని దశరథం చెవిలో అన్నాడు.

"గది గూడ రావాలె. ముందుగాల గుడ్లు రావాలె."

పొద్దుగూకింది. మేడం వచ్చి ఒక్కొక్కరికీ నిమ్మరసం తాగిస్తూ చివరికి భూదేవి దగ్గర ఆగింది.

"తాగు తల్లీ."

"తాగ. ముందు గీ కాయితం మీద సంతకం పెట్టుండ్రి."

"నేను సమ్మెల ఉన్ననమ్మా, పెన్ను ముట్టద్దు. అయినా సిరిసిల్లల పేరు తీసేస్తేగాని ఇక్కడ..."

"సిరిసిల్లల ఉన్న పేరుకు ఆకలైతదా మేడం? గీడ కూసున్న నా బిడ్డకైతది! పేరుకు పాలు పడ్తయా? పేరు పిల్లను సాదుతదా? నేను గీ ఒక్క పూట పస్తుంటే దండ లేసిన్రు, టీవీల వెట్టిన్రు. నా బిడ్డ మూడు నెలల సంది సగం కడుపుతోని ఉంటే ఏ సారన్న అచ్చి దండేసిండా?"

దశరథం మెల్లగా ఆమె చెవి దగ్గరికి వంగాడు. "అక్కా, అందరు తాగినంక నువ్వొక్కదానివి తాగకపోతే ఇది రిలే దీక్ష గాదు, ఆమరణ దీక్షయితది!"

"అయితె అయితది."

గుంపులో ఒకాయన చెవిన "ఆమరణ దీక్ష" ఒక్కటే పడింది. వెంటనే, "భూదేవక్క ఆమరణ దీక్ష, జిందాబాద్!" అని అరిచాడు. రోడ్డు మీద పోయేవాళ్లు ఆగారు. రోడ్డు ఆగింది. పోలీసు జీపు వచ్చింది, దాని వెనక అంబులెన్సు వచ్చింది. డాక్టరు చెయ్యి పట్టుకుని చూసి బీపీ బాగా ఎక్కువుందన్నాడు. అది ఆకలి కాదు, కోపమని భూదేవి చెప్పింది. భార్య ప్రాణత్యాగం చేస్తోందని ఎవరో చెబితే సామేలు మంచం దిగి, ఎవరి బండి మీదో ఏడుస్తూ వచ్చాడు. "ఇంటికి రాయే, రేపటి సంది నేనే కలుపుకు పోత," అన్నాడు.

పోలీసాయన దశరథాన్ని పట్టుకున్నాడు, దశరథం మేడంను పట్టుకున్నాడు. మేడం సంతకం పెడితే సమ్మె చెడుతుంది. పెట్టకపోతే మనిషి పోయేలా ఉంది. దశరథం చాలాసేపు తల గోక్కుని, "సమ్మెకు ముందటి తారీకు ఎయ్యుండ్రి మేడం. అప్పుడు సమ్మె సమ్మెనే ఉంటది, సంతకం సంతకమే ఉంటది," అన్నాడు. మేడం అంబులెన్సు చాటుకు పోయి సంతకం చేసింది. భూదేవి నిమ్మరసం తాగి చక్కెర తక్కువైందని చెప్పింది. అందరూ చప్పట్లు కొట్టారు.

మర్నాడు భూదేవి ఆ కాగితాన్ని ఊళ్లో అంగన్‌వాడీ టీచరు చేతిలో పెట్టింది. టీచరు తేదీ చూసి, అఖిల ఒళ్లో పిల్లను చూసి, మళ్లీ తేదీ చూసింది.

"గీ తారీకునాటికి పిల్ల పుట్టనే లేదు గద అక్కా? బాలింత అని ఎట్ల రాయాలె? గర్భిణి అని రాద్దామంటే పిల్ల ఒళ్లెనే ఉండె. తారీకు మార్పిచ్చుక రా."

భూదేవి ఈసారి అరవలేదు. సామేలు జేబులోంచి ఫోను లాక్కుని దశరథానికి కలిపింది.

"సారూ, రేపు టెంటుల నాకో జాగ పెట్టుండ్రి. ఈసారి నిమ్మకాయలు కొనకుండ్రి."