నలభై రెండు దగ్గర ఆగిన కారు

ఆ ఉదయం లెక్కల మాస్టారి పథకంలో మూడే అంశాలున్నాయి. ఏడింటికి కాఫీ, ఎనిమిదింటికి కారు తుడవడం, పదకొండింటికి ఫిట్‌నెస్ పరీక్ష. కాఫీ సగం వరకు అనుకున్నట్టే జరిగింది. ఆ తర్వాత వంటింటి తలుపు ధడాలున కొట్టుకుంది, మాస్టారు ఉలిక్కిపడ్డారు, మిగతా సగం చొక్కా మీద పడింది.

"ఈ తలుపుకి అడ్డం పెట్టే చెక్క ఏమైందని మూడేళ్లుగా అడుగుతున్నా."

"మూడేళ్లుగా నేనూ వెతుకుతూనే ఉన్నా," అంది ఆయన భార్య వంటింట్లోంచి.

మాస్టారికి డెబ్బై ఏళ్లు. కారుకి ఇరవై మూడు. రెండింటిలో ముందు ఏది కదలడం మానేస్తుందన్న విషయంలో వీధిలో భిన్నాభిప్రాయాలున్నాయి. కారు మూడేళ్లుగా గంటకు నలభై రెండు కిలోమీటర్లు దాటడం లేదు. పెడల్ నేలకు తొక్కినా అంతే. మాస్టారు దీనికో నోటుపుస్తకం పెట్టారు. చదును రోడ్డు మీద వెళ్లిన ప్రతిసారీ తేదీ, వేగం రాసి గ్రాఫు గీశారు. గీత స్కేలు పెట్టి గీసినట్టు వచ్చింది. ఇది వయసు ప్రభావమని ఆయన తేల్చారు.

పోయిన నెల పరీక్షలో కారు మైదానంలోని ఎత్తు సగం ఎక్కి, ఆలోచించి, వెనక్కి జారి బయల్దేరిన చోటికే వచ్చింది. ఇన్‌స్పెక్టరు ఇంకో అవకాశం ఇచ్చాడు. అది ఈరోజు. ఎత్తు ఎక్కాలి, ఆ తర్వాత తిన్నని దారిలో అరవై అందుకోవాలి. లేకపోతే కారు తుక్కుకి.

"పోతే పోనీ. కొత్తది కొంటా," అన్నారు మాస్టారు చొక్కా మార్చుకుంటూ. "నూట ఎనభై పోతుందట. కాగితాలు కూడా తెచ్చిపెట్టా."

వంటింట్లో గరిటె కింద పడింది.

పోతే పోనీ అన్న మనిషి ఎనిమిదింటికి ఆ కారు అద్దాలు మూడుసార్లు తుడిచారు.

ఎనిమిదిన్నరకు బావమరిది వచ్చాడు. అతను ఫ్రిజ్‌లు బాగుచేస్తాడు. లోకంలో ఏ యంత్రం చెడినా అతను చెప్పే రోగం ఒక్కటే.

"గ్యాస్ లీకు, బావా."

"ఇందులో గ్యాస్ లేదురా. పెట్రోలు."

"ఆ పెట్రోలు లోపలికెళ్లి ఏమవుతుందనుకున్నావ్? గ్యాసే కదా!"

మాస్టారు లెక్కల మనిషి గనుక దీన్ని మెట్టు మెట్టుగా సరిచూడసాగారు. ఆ సందులో బావమరిది బానెట్ ఎత్తాడు. ఇంజిన్‌కి చెవి ఆనించి విన్నాడు. గాలి వడకట్టే డబ్బా ఊడదీశాడు. ఫ్రిజ్ వెనక తీగలు కడిగే మందు లోపలికి కొట్టాడు. అన్నీ తిరిగి బిగించి కారు స్టార్ట్ చేయమన్నాడు. అంతవరకు పరుగెత్తడం ఒక్కటే చేతకాని కారు, ఇప్పుడు నిలబడ్డ చోటే దగ్గి ఆగిపోయింది. బావమరిది చేతిలో జానెడు రబ్బరు గొట్టం మిగిలింది.

"ఇదెక్కడిదిరా?"

"అది అదనం బావా. కంపెనీవాళ్లు ముందుజాగ్రత్తకి ఒకటి ఎక్కువ వేస్తారు."

తొమ్మిదింబావుకు మెకానిక్‌ని పిలిపించారు. అతను ఆ గొట్టం అందుకుని, ఎవరినీ ఏమీ అడక్కుండా ఉండాల్సిన చోట పెట్టాడు. దగ్గు తగ్గింది.

"నన్ను గుర్తుపట్టారా మాస్టారూ? మీ దగ్గర తొమ్మిదో తరగతి మూడేళ్లు చదివా."

"మూడోసారైనా పాసయ్యావా?"

"లేదండీ. అందుకే ఈ షెడ్డు పెట్టా."

అతను ఇంజిన్ మీద ఒక చోట వేలు పెట్టి చూపించాడు. "ఇంజిన్‌కి ఊపిరి అందాలండీ. పెడల్ తొక్కితే ఈ కేబుల్ లాగుతుంది. కేబుల్ లాగితే లోపల ఈ రేకు తలుపు తెరుచుకుంటుంది. తలుపు ఎంత తెరిస్తే అంత గాలి, అంత బలం. ఎంత తెరుచుకుంటోందో చూద్దాం. అమ్మా, మీరు సీట్లో కూర్చుని పెడల్ తొక్కండి."

మాస్టారి భార్య చేతులు తుడుచుకుని వచ్చి కూర్చుంది. మూడు తలలు బానెట్ కిందికి వెళ్లాయి.

"తొక్కండమ్మా!"

"తొక్కా."

"పూర్తిగా తొక్కవే!"

"పోయినంత తొక్కా."

"నేలకి తగిలిందా అక్కా?"

"ఏదో ఒకదానికి తగిలింది."

ఆమె అబద్ధం ఆడలేదు. పెడల్ తగిలింది వంటింటి తలుపు చెక్కకి. అది కార్పెట్ అడుగున మూడేళ్లుగా అక్కడే ఉంది. మూడేళ్ల కిందట ఒక మధ్యాహ్నం మాస్టారు ఈ కారులో ఒక అంబులెన్సును దాటారు. పక్క సీట్లో ఆమె ఉంది. కాసేపట్లో ఎలాగూ కలుస్తాం కదా అన్నట్టు ఆ అంబులెన్సు డ్రైవరు చూసిన చూపు ఆమె మర్చిపోలేదు. ఇంటికి రాగానే చెక్క పెట్టింది. ఇంట్లో తలుపు కొట్టుకుంటే కొట్టుకుంది, రోడ్డు మీద గుండె కొట్టుకుంటూనే ఉంది, అదే చాలనుకుంది.

ఈరోజు ఆ ఏర్పాటు అడ్డం తిరిగింది. చెక్క ఉంటే ఈ కారు పోయి నూట ఎనభైది వస్తుంది. చెక్క తీస్తే ఈ కారు మిగిలి నూట పది పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. గొయ్యే కాస్త లోతు తక్కువని ఆమె తేల్చుకుంది. కాని ముగ్గురి ఎదుట చెక్క బయటికి తీయడమెలా?

"సగమే తెరుచుకుంటోంది," అన్నాడు మెకానిక్. "కేబుల్ సాగిపోయింది. ఇరవై మూడేళ్లు కదండీ."

"వయసని నేను మొదటినుంచీ చెబుతున్నా," అన్నారు మాస్టారు.

"ఎందుకైనా మంచిది, గ్యాస్ కూడా చూడు," అన్నాడు బావమరిది.

"బాబూ, కేబుల్ సంగతి సరే, ఓసారి ఇటు కాళ్ల దగ్గర కూడా చూస్తే..." అంది ఆమె.

"కాళ్ల దగ్గర ఏముంటుందమ్మా? ముప్పై ఏళ్ల అనుభవం నాది. రోగం ఎప్పుడూ బానెట్ కిందే ఉంటుంది."

ఆమె దిగి, చీర మార్చుకోవడానికి లోపలికి వెళ్లింది. సరిగ్గా ఆ పది నిమిషాల్లో మెకానిక్ రెండు పానాలతో కేబుల్ బిగించాడు. పెడల్ ఆగే చోట ఆగినా సరే, రేకు తలుపు పూర్తిగా తెరుచుకునేలా చేశాడు.

"ఒక్క మాట మాస్టారూ. పెడల్ ఇంతకంటే కిందికి పోతే కేబుల్ ఇరుక్కుంటుంది. కాని భయం లేదు. కిందికి పోవడానికి చోటే లేదు."

ఈ విధంగా కారుకి వైద్యం పూర్తయింది. ఆ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు.

దారి పొడవునా వాహనాలు ఒకదాని తోక ఒకటి పట్టుకుని నడిచాయి. కారు బలం ఎంతో చూసే వీలు మాస్టారికి కలగలేదు. మైదానం చేరాక ఆయన కాగితాలు తీసుకుని ఇన్‌స్పెక్టరు బల్ల దగ్గరికి వెళ్లారు. బావమరిది నడుం విరుచుకోవడానికి దిగాడు. ఆమె పక్క సీట్లోంచి చెప్పు సర్దుకుంటున్నట్టు స్టీరింగ్ కిందికి వంగి, కార్పెట్ ఎత్తి, చెక్క లాగి సంచీలో వేసుకుంది.

"ఏమండీ, మెల్లిగా తొక్కండి," అంది భర్త రాగానే.

"నేలకి తొక్కితేనే నలభై రెండు. మెల్లిగా తొక్కేదానికి కారెందుకు, నడిచే పోవచ్చు."

ఆమె, బావమరిది పక్కకు జరిగి నిలబడ్డారు. ఇన్‌స్పెక్టరు ఎక్కాడు. బెల్టు పెట్టుకోబోయి, పోయిన నెల గుర్తొచ్చి, మానేశాడు.

మాస్టారు మూడేళ్ల అలవాటు కొద్దీ పెడల్ నేలకు తొక్కారు. నేల ఈసారి రెండంగుళాలు కిందికి జరిగి ఉంది.

ఎత్తు ఎక్కడానికి నాలుగు సెకన్లు పట్టింది. పైన నాలుగు చక్రాలూ గాల్లోకి లేచాయని బావమరిది, మూడేనని మాస్టారు ఇప్పటికీ వాదించుకుంటారు. తిన్నని దారిలో అరవై వచ్చింది, వెళ్లిపోయింది.

"పాస్! ఆపండి, పాస్!" అరిచాడు ఇన్‌స్పెక్టరు.

"ఆగడం లేదు సార్!"

"కాలు తీయండి!"

"ఎప్పుడో తీశా సార్!"

పెడల్ మాత్రం నేలకే అతుక్కుని ఉంది. హద్దులకు పెట్టిన ప్లాస్టిక్ కోన్లు పదకొండు ఎగిరిపోయాయి. దారి మలుపు తిరిగింది, ఆ వెంట కారు కూడా తిరిగి ఇన్‌స్పెక్టరు బల్ల వైపు బయల్దేరింది. బల్ల దగ్గరున్నవాళ్లు కాగితాలు వదిలి పరుగెత్తారు. యంత్రం మాట వినకపోతే ఏం చేయాలో తన వృత్తిలో నేర్చుకున్న బావమరిది గొంతు చించుకుని అరిచాడు.

"ప్లగ్గు పీకెయ్ బావా! ప్లగ్గు!"

మాస్టారు తాళం తిప్పేశారు. బ్రేకు తొక్కారు. కారు బల్లకి జానెడు ఇవతల ఆగింది. బావమరిది జీవితంలో కార్లకు సంబంధించి పనికొచ్చిన సలహా అదొక్కటే.

ఇన్‌స్పెక్టరు దిగి, రెండు గ్లాసుల నీళ్లు తాగి, కుర్చీలో కూర్చున్నాడు.

"అన్ని కోన్లు గుద్దేశారే, కనపడలేదా?"

"ఏ కోన్లు సార్?"

ఇన్‌స్పెక్టరు పెన్ను మూత తీశాడు. "కారుకి బలం లేదని నేను రాయలేను. ఆ కేబుల్ సరిచేయించి, ఇంకెవరితోనైనా నడిపించి చూపించండి. మీ లైసెన్సు మటుకు ఇక్కడ పెట్టండి. కంటి పరీక్ష, డ్రైవింగ్ పరీక్ష అయ్యాక చూద్దాం."

ముప్పై నాలుగేళ్లు ఇతరులను ఫెయిల్ చేసిన మాస్టారు ఆ కాగితం రెండుసార్లు చదివి జేబులో పెట్టుకున్నారు.

కబురు పెడితే మెకానిక్ మైదానానికి వచ్చి ఇరుక్కున్న కేబుల్ విడిపించాడు, పాత చోటికి వదులు చేశాడు, తొక్కి చూశాడు, తల గోక్కున్నాడు. "విచిత్రంగా ఉంది మాస్టారూ. సాగిన కేబుల్ మళ్లీ కుంచించుకుంది."

"ఇప్పుడెవరు నడుపుతారు?" అడిగాడు ఇన్‌స్పెక్టరు.

"నేను," అంది మాస్టారి భార్య. సంచీలో చెయ్యి పెట్టి, చెక్క పక్కకు నెట్టి, లైసెన్సు తీసింది.

"నీకెప్పుడొచ్చిందే డ్రైవింగ్?"

"తొమ్మిదేళ్ల కిందట. మీరు స్టీరింగ్ వదిలితే కదా తెలిసేది."

ఆమె ఎత్తు ఎక్కింది, అరవై అందుకుంది, బల్లకి పది గజాల అవతల ఆపింది. ఇన్‌స్పెక్టరు కళ్లు తెరిచి సంతకం పెట్టాడు.

ఇంటికీ ఆమే నడిపింది. దారి ఖాళీగా ఉంది. వేగం డెబ్బై దాటాక మాస్టారు తలుపు పిడి పట్టుకున్నారు, తొంభై దగ్గర రెండో చెయ్యి కూడా వేశారు.

"మెల్లిగా పోనివ్వవే!"

"మెల్లిగానే పోతున్నా. అదే నెమ్మదిగా వస్తోంది," అంది ఆమె, అద్దంలో వెనకబడుతున్న అంబులెన్సును చూస్తూ.

ఆ సాయంత్రం కాఫీ చివరి గుక్క వరకు ప్రశాంతంగా సాగింది. మాస్టారికి అనుమానం వచ్చి వంటింట్లోకి తొంగి చూశారు. తలుపు కింద చెక్క ఉంది. తీసి చూస్తే దాని మీద పెడల్ రబ్బరు గీతలు నల్లగా అచ్చుపడి ఉన్నాయి. ఆయన నోటుపుస్తకం తెరిచి గ్రాఫులో మొదటి తేదీ చూశారు. అంబులెన్సును దాటిన మర్నాటి తేదీ అది. చెక్క ఉన్న చోటే పెట్టి వచ్చి కూర్చున్నారు.

మర్నాడు ఉదయం ఆమె కారు తీసుకుని బజారుకు బయల్దేరింది. ఎంత తొక్కినా నలభై రెండు దాటలేదు.

ఇంట్లో వంటింటి తలుపు ధడాలున కొట్టుకుంది. మాస్టారు గ్లాసు ముందే పైకెత్తి పట్టుకున్నారు.