బర్మామైన్స్‌లో ఏరువాక

నాగలినే ఆయుధంగా ధరించి, దుక్కిలోనే మహిమ చూపిన బలభద్రస్వామికి అంజలి ఘటించి, ఈ ముచ్చట ఆలకించండి.

ఏరువాక పున్నమినాడు తెల్లవారగానే పోలరాజు తలపాగా చుట్టుకున్నాడు. ఆయన పుట్టిందీ, పెరిగిందీ, ఉక్కు కర్మాగారంలో ఉద్యోగం చేసి విశ్రాంతి పొందిందీ జంషెడ్‌పూర్‌లోనే. అయినా శ్రీకాకుళం అవతలి తమ ఊళ్లో తాను పట్టిన సాలు నూలు పెట్టి గీసినట్లుండేదని ఉద్యోగమున్నన్నాళ్లూ చెప్పుకొచ్చాడు. ఆ మాట నమ్మి, ఆ పట్నంలోని బర్మామైన్స్ పేట తెలుగు సంఘంవారు ఈ ఏటి ఏరువాక దుక్కి ఆయనకే అప్పగించారు. పరువు నిలిచినా, పోయినా ఆ ఒక్క సాలుతోనే.

"ఏటయ్యా, నువ్వు నాగలెప్పుడట్టినావు?" అని భార్య జోగమ్మ అడిగింది.

"రైతు రగతమే! ఒకరు నేర్పాలేటి?"

"రగతమే దున్నితే ఎద్దులెందుకు మరి?"

ఎద్దులు దొరకడమే గగనమైంది. చివరికి ఇటుకల బండి లాగే జతను అద్దెకు తెచ్చి, కొమ్ములకు రంగులు పూసి, సంఘం మైదానంలో కాడి కట్టారు. పోలరాజు మైకు అందుకుని, "సాలు ముగిసేదాకా నాగలి మేడి వదలరాదు. వదిలితే పేటకంతా అరిష్టం!" అని శాస్త్రం చెప్పాడు. అటువంటి శాస్త్రం ఏ గ్రంథంలోనూ లేదు. సభ మాత్రం గంభీరంగా తల ఊపింది.

కార్యదర్శి సీతారామరావు కొబ్బరికాయ కొట్టాడు. పోలరాజు ఎద్దులను అదిలించాడు. అవి నాలుగడుగులు దున్ని, ఇటుకలు లేని పనిలో అర్థం కనపడక, గేటు దాటి తాము రోజూ నడిచే దారి పట్టాయి. మేడి పట్టిన పోలరాజు వాటి వెనుకే వీధిన పడ్డాడు.

"పాపా, ఛోడ్ దీజియే!" అని కూతురు శైలజ అరిచింది.

"వదిల్తే అరిష్టమే అమ్మా!"

"పోలరాజుగారూ, మైదానం ఇటండీ!" అని కార్యదర్శి కేకవేశాడు.

"సాలింకా అవనేదండీ!"

బండివాడు రోజూ ఆగే టీ కొట్టు ముందు ఎద్దులు ఆగాయి. కొట్టువాడు వాడుక ప్రకారం వాటికి చెరొక బిస్కెట్టు పెట్టాడు. రంగుల కొమ్ములను, నాగలిని, తలపాగాను చూసి ఉత్సవమనుకున్న ఇల్లాళ్లు గిట్టలకు పసుపునీళ్లు పోశారు. ఒకావిడ పోలరాజు మెడలో బంతిపూల దండ వేసి, "యే కౌన్ సే భగవాన్ హై?" అని అడిగింది.

"మేరే పాపా హై," అంది శైలజ, ఫోనులో వీడియో తీస్తూ.

రెండో టీ కొట్టుకు డప్పులు వచ్చాయి. మూడో కొట్టుకు హారతి వచ్చింది. ఇటుకల డిపో ముందు ఎద్దులు తమంతట తామే నిలిచేసరికి, తారురోడ్డుమీద కర్రు గీసిన గీత పాము పాకినట్లు మెలికలు తిరిగి ఉంది. తలవంపులు తప్పవని పోలరాజు కళ్లు మూసుకున్నాడు. అంతలో సీతారామరావు ఆయాసపడుతూ వచ్చి శాలువా కప్పాడు.

"ఇంత పొడుగు సాలు మన పల్లెల్లో కూడా ఎవరూ తోలలేదండీ! మేడి వదిల్తే ఒట్టు!"

జనం జేజేలు పలికారు. పోలరాజు కళ్లు తెరిచి మీసం దువ్వాడు.

సాయంత్రం తమ్ముడు ఆదిబాబు ఫోను చేశాడు. ఊళ్లో ఉమ్మడి పొలం చూసుకుంటున్నది అతడే.

"అన్నియ్యా, అమ్మాయి ఎట్టిన ఈడియో ఊరంతా సూసినారు. నాకేటో నడుం పడిపోనాది. నీలాటి రైతుండగా నాకేటి బెంగ! ఆకుమడి దున్నాల, గట్లు కట్టాల, గెడ్డనీటికి వొంతు కాయాల. అయన్నీ నువ్వే సూసుకో. నానొచ్చి నీ ఇంట్లో కూకుంటాను. టికెట్టు తీసేసినాను. టాటానగర్ టేసన్‌లో నన్ను దింపుకోని, నువ్వు తిరుగు రైలెక్కేయి."

"పెట్టె దించమంతావేటయ్యా?" అని జోగమ్మ ఎంతో వినయంగా అడిగింది.

ఆనాటినుంచి పోలరాజు, తమది తాతముత్తాతల కాలంనుంచీ ఇనుము కరిగించే వంశమని చెప్పుకుంటున్నాడు.

ఇది విన్నవారందరి గాదెలు నిండుగాక. వారి నోరు పలికిన మాటను వారి చేయి అందుకొనుగాక.