ఇద్దరు చెప్పిన వార్త

పెద్దపల్లిలో చిన్న వార్తల వెబ్‌సైటు నడిపే కోమల ఆ పొద్దున ఒక మంచి పని పెట్టుకుంది. ఇకనుంచి పాటించాల్సిన నియమాలు రాసి ఆఫీసు గోడకు అంటించింది. ఇద్దరు చెప్పందే వార్త వేయకూడదు. తప్పు వేస్తే అంతే పెద్ద అక్షరాల్లో వెంటనే దిద్దాలి. ఊళ్లో తన మాటకు విలువ ఉండాలని ఆమె ఆశ, పాపం.

జిగురు ఆరకముందే విలేకరి కుమార్ ఫోన్ చేశాడు. "మేడం, పరశురాములు ఇంటి ముంగట శవాల ఫ్రీజర్ బాక్సు దిగింది. పూలదండ ఏసిండ్రు, ఊదుబత్తులు ముట్టిచ్చిండ్రు. ఆయనే పోయినట్టున్నడు."

"ఇద్దరిని అడిగినవా?"

"అడుగుత."

అడిగాడు. "పరశురాములు పోయిండట గద?" అని హోటల్ అంజన్నను కదిపాడు. అంజన్న అయ్యో పాపమని ఆ సంగతి హోటల్ పక్కనుండే బుచ్చవ్వ చెవిన వేశాడు. కాసేపటికి కుమార్ బుచ్చవ్వకు ఫోన్ చేస్తే, ఆమె ఏడుస్తూ అవునంది. మళ్లీ అడిగితే అంజన్నా అవునన్నాడు. లెక్క ప్రకారం ఇద్దరయ్యారు. వార్త పడింది.

గంటలో పరశురాములే ఆఫీసుకు వచ్చాడు.

"కిరాయికిద్దామని బాక్సు కొన్న బిడ్డా. కొత్త బండికి చేసినట్టు పూజ చేసిన. గంతే."

కోమలకు తల తీసేసినట్టయింది. "తప్పు మాదే కాకా. ఇప్పుడే దిద్దుత."

"జర ఆగు," ఆయన గొంతు తగ్గించాడు. "మా తమ్ముడు గంగయ్య మూడేండ్ల సంది మాట్లాడతలేడు. నేను పోయిన అనుకొని మందమర్రిల బస్సెక్కిండట. దిగినంక దిద్దు. సదివిండంటే నడుమల్నే దిగి ఎనకకు పోతడు."

కోమల మనసు పీకింది. గోడవైపు చూసింది, ఆయనవైపు చూసింది. "తెలిసి అబద్ధాన్ని ఉంచలేను కాకా," అంది.

"మేడం, బతికున్నడని చెప్పింది గూడ ఒక్కడే గద," అని అప్పటికే ఆఫీసుకు చేరిన కుమార్ నసిగాడు. కోమల వినిపించుకోలేదు. మేం అడిగిన ఇద్దరికీ ఆ మాట మా నుంచే చేరిందని ఒప్పుకుంటూ, అంతే పెద్ద అక్షరాల్లో దిద్దుబాటు వేసింది. పరశురాములు కుర్చీలో కూలబడ్డాడు. ఇచ్చిన చాయ్ ముట్టలేదు.

మధ్యాహ్నం తలుపు నెట్టుకుని ఒకాయన కోపంగా లోపలికొచ్చాడు. పరశురాములును చూసి అక్కడే ఆగిపోయాడు. కళ్లనిండా నీళ్లు.

"గంగయ్యా, అన్నం తిన్నవా?" అన్నాడు పరశురాములు.

కోమల ఉండబట్టలేక అడిగింది. "మేం దిద్దింది సదవలేదా?"

"గోదావరిఖని కాడనే సదివిన. పొద్దుగాల సచ్చిండంటిరి, ఇప్పుడు బతికున్నడంటిరి. మీ మాట ఎట్ల నమ్మాలె? మిమ్ముల నిలదీసి, మా అన్నను కండ్లతోని సూసి పోదామని వచ్చిన." ఆయన అన్న చెయ్యి పట్టుకుని కుమార్ వైపు తిరిగాడు. "బతికే ఉన్నడు. రాసుకోరి."

దిద్దుబాటుకు రెండో మనిషి దొరికాడు.