వాన గ్యారంటీ, సాయంత్రం ఆరున్నరకు

వాన కురవాలంటే మబ్బులు కావాలని మీకు చిన్నప్పుడు ఎవరో సైన్సు మాస్టారు చెప్పే ఉంటారు. పాపం, ఆయనకు డీజే సంగతి తెలియదు!

డోన్ నుంచి ముప్పావుగంట ప్రయాణం చేస్తే చిలకలగుట్ట వస్తుంది. దాని మీద మొన్న ఉగాదికి ఒక హిల్ రిసార్ట్ వెలసింది. కింద నలభై డిగ్రీలుంటే పైన ముప్పై తొమ్మిదిన్నర. ఆ అర డిగ్రీ చల్లదనానికి తట్టుకోలేక, వచ్చినవాళ్ళు మంకీ క్యాపులు పెట్టుకుని క్యాంప్‌ఫైర్ చుట్టూ కూర్చుంటారు. గేటు మీద ‘రాయలసీమ స్విట్జర్లాండ్’ అని బోర్డు. అసలు స్విట్జర్లాండ్ వాళ్ళు ఇది ఇంకా చూసినట్టు లేదు. చూసుంటే సిగ్గుపడి పేరు మార్చుకునేవాళ్ళు.

పొద్దు వాలితే చాలు, పైన డీజే, లేజర్ లైట్లు, కేరోకే! గుట్ట కింద నక్కలమిట్టలో కొందరు గిట్టనివాళ్ళు దీన్ని గోల అంటున్నారు. నేను తీవ్రంగా ఖండిస్తున్నాను. ఇది గోల కాదు, వరం. సాక్ష్యం కావాలా? రైతు కంబన్న ఇంటికి రండి.

రిసార్ట్ రాకముందు కంబన్న భార్య రామేశ్వరమ్మ సంగటి కెలికితే నిమ్మకాయలంత ఉండలు తగిలేవి. ఇప్పుడు పైన ‘ధబ్ ధబ్’ మంటే కింద ఆమె చేతిలో తెడ్డు దానంతటదే తిరుగుతోంది. ఉండ కట్టడానికి పిండికి తీరికేది? ఇక వాళ్ళ ఎనుము సంగతి. వాల్యూమ్ పెంచితే తప్ప పాలు చేపదు. సోమవారం డీజేకు సెలవు, ఆ రోజు ఇంట్లో నల్ల టీనే. కోడిపుంజయితే ఒకసారి కూసి, ‘వన్స్ మోర్’ కోసం ఆగి చూస్తోంది. ఇంటికి సున్నం కొట్టే పని కూడా తప్పింది. లేజర్ లైటు నిమిషానికో రంగు పూసి పోతుంది. ఊరికే!

ఇంత వైభవమూ కంబన్న తలకెక్కడం లేదు. ఆయన ప్రాణమంతా మూడెకరాల శనక్కాయ చేను మీద ఉంది. తొలకరికి విత్తి ఇరవై రెండు రోజులయింది. మొలకలు ఆకులు ముడుచుకుని దణ్ణం పెడుతున్నాయి. నాలుగు రోజుల్లో ఒక పదును, అంటే వేరు దాకా నేల తడిసే వాన, పడకపోతే చేను మాడిపోతుంది. బోరు ఉంది గానీ, ఉగాది దాటిన వారానికే అది రెండుసార్లు దగ్గి, కాస్త గాలి వదిలి, మౌనవ్రతం పట్టింది.

ఊరు చేయని ప్రయత్నం లేదు. గాడిదలకు పెళ్ళి చేశారు. ఆ జంట కాపురం చక్కగా సాగుతోంది, వానే రాలేదు. కప్పను రోకలికి కట్టి ఇంటింటికీ తిప్పి నీళ్ళు పోయబోయారు. బిందెలు ఖాళీ అని తెలిసి కప్ప ఊరు వదిలిపోయింది.

సరిగ్గా అప్పుడే గుట్ట దారిలో కంబన్న కొత్త ఫ్లెక్సీ చూశాడు. ‘రెయిన్ డాన్స్! ప్రతి సాయంత్రం 6.30కు. వాన గ్యారంటీ!’

గ్యారంటీ! టైముతో సహా! రేడియోలో వాన కబురు చెప్పేవాళ్ళు ఎన్నడైనా ఆ మాటన్నారా? ‘అక్కడక్కడా’, ‘ఒకటి రెండు చోట్ల’ అని జారుకోవడమే గానీ!

కంబన్న ఇంటికి పరిగెత్తాడు.

“ఇన్నాళ్ళూ తప్పు చేసినాం మే! మనం వానను ఏడుస్తా పిలుస్తాండాం. వాళ్ళు ఎగురుతా పిలుస్తాండారు. ఏడ్చేటోళ్ళ ఇంటికి ఎవరొస్తారు చెప్పు?”

“అయితే పోయి నువ్వూ ఎగురు. మోకాళ్ళు పట్టేస్తే నా కాడికి రావద్దు,” అంది రామేశ్వరమ్మ. అంతలోనే వెనక్కి పిలిచింది. “ఆ అడుగులేవో బాగా చూసి రా. ఒకటి మర్సిపోయినా వాన పక్కూర్లో పడ్తాది!”

కంబన్న ఒకప్పుడు చెక్కభజనలో పేరున్నవాడు. అటక మీది చెక్కలు దింపాడు. తెల్ల పంచె, ఆరు గజాల ఎర్ర తలపాగా, కాళ్ళకు గజ్జెలు. గుట్టెక్కాడు.

గేటు దగ్గర మేనేజర్ శివప్రసాద్ కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. ఆ రోజు ఫోక్ డాన్స్ చేయడానికి కర్నూలు నుంచి రావలసిన కళాకారులు రాలేదు. తలపాగా, గజ్జెలు కనబడగానే ఆయనకు ప్రాణం లేచొచ్చింది.

“ఏమప్పా, ఇంత లేటా? తక్కినోళ్ళు యాడ?”

“ముందు నేను ఎగిరి చూస్తా సార్. పడితే ఊరంతా వస్తారు.”

“సరే సరే. వాన పడేదాకా ఆపొద్దు!”

“అందుకే గదా సార్ నేనొచ్చింది!”

చూశారా! ఒకరి మాట ఒకరికి అర్థం కాకుండానే ఇద్దరూ ఇంత చక్కగా ఒప్పుకోవడం పెళ్ళిచూపుల్లో తప్ప ఎక్కడా కనబడదు.

ఆరున్నరయింది. డీజే మీట నొక్కాడు. కంబన్న చెక్కలు మోగించాడు. మూడో దరువుకే తల మీది పైపుల్లోంచి వాన! కుంభవృష్టి! కంబన్నకు వెర్రెక్కింది. మోకాళ్ళు పాతికేళ్ళు వెనక్కి పోయాయి. గిర్రున తిరిగాడు, గెంతాడు, చేతులు చాచి ఆకాశానికి నోరు తెరిచాడు. బెంగళూరు నుంచి వచ్చిన జనం ఫోన్లెత్తి ‘వన్స్ మోర్!’ అని అరిచారు. కింద కోడిపుంజు అసూయతో చచ్చుంటుంది.

అప్పుడు నోట్లో నాలుగు చుక్కలు పడ్డాయి. కంబన్న ఆగిపోయాడు.

వాన నీటికి రుచి ఉండదు. దీనికి ఉంది. ముందు కాస్త ఉప్పన, మింగాక నాలుక కొసన తుప్పు. పన్నెండేళ్ళు ఆయన తాగిన నీళ్ళు, ఎనుముకు తాపిన నీళ్ళు, చేనుకు పెట్టిన నీళ్ళు. రైతు తన బోరు నీళ్ళు మరిచిపోతాడా?

“సార్, ఈ నీళ్ళు యాడివి?”

“గుట్ట కింద మా బోరప్పా. వెయ్యడుగులు దింపినాం. శానా నీళ్ళు! పక్క చేలో ఎవరిదో ఎండిపోయిందంటలే.”

“ఎవరిదో గాదు సార్, నాదే. మూడు నెలల్నుంచి నా నీళ్ళు యాడికి పోయినాయా అని ఎతుకుతాండా. ఈడికొచ్చి డాన్సు చేస్తాండాయా!”

శివప్రసాద్ ఒక్క క్షణం తడబడ్డాడు. మేనేజర్ కదా, వెంటనే సర్దుకున్నాడు. “అదిరిందప్పా! రేపు గూడా ఈ డైలాగు చెప్పు. చూడు, జనం పడి పడి నవ్వుతాండారు.”

నిజంగానే నవ్వుతున్నారు.

కంబన్న గుట్ట దిగాడు. నీళ్ళోడుతున్న తలపాగాను విప్పలేదు, పిండలేదు. నిండు బిందె మోస్తున్నవాడిలా మెడ కదపకుండా నడిచాడు. చేను గట్టున రామేశ్వరమ్మ నిలబడి ఉంది.

“పడిందా?”

“పడింది.”

“అడుగులు నేర్చుకున్నావా?”

“అడుగులతో పనిలేదు మే. ఇది మనదే. తెచ్చుకున్నా,” అని తలపాగా విప్పి ఒక కొస పట్టుకున్నాడు. ఆమె ముందు ఆయన మొహం కేసి, తర్వాత గుట్ట మీది వెలుగుల కేసి చూసింది. రెండో కొస పట్టుకుంది. చెరో వైపూ మెలిపెట్టారు. ఏడు మొలకలు తడిశాయి.

ఆ తొలకరి తర్వాత నక్కలమిట్టలో పడిన పదును ఇదే.

అయినా నేను నా మాట మీదే ఉన్నాను: రిసార్ట్ వరమే! నీరు పల్లమెరుగు అన్న సామెతను తిరగరాసి, నీళ్ళను గుట్టెక్కించిన ఘనత దానిది. మీరూ తప్పకుండా వెళ్ళండి. ఎగరండి, తడవండి, రీల్స్ తీసుకోండి. ఒక్కటే మనవి. ఒళ్ళు ఆరబెట్టుకోకుండా దిగండి. మలుపు తిరగ్గానే ఎడమ చేతి వైపు మూడెకరాల చేను కనబడుతుంది. మీ తువ్వాళ్ళు అక్కడ పిండి పోండి.

మొహమాటం వద్దు. రెండో కొస రామేశ్వరమ్మ పట్టుకుంటుంది.